మీ కడుపు సరే, నాన్నగారి దగ్గు సంగతేమిటి?

ప్రశ్న: నా వయసు 34. రెండు నెలలుగా కడుపుబ్బరం, అప్పుడప్పుడు విరేచనాలు. ఇర్ఫాన్ ఖాన్‌కు వచ్చిన న్యూరోఎండోక్రైన్ క్యాన్సర్ గురించి నెట్‌లో చదివాక నిద్ర పట్టడం లేదు. పెట్ స్కాన్ చేయించుకోమంటారా? మరో మాట. మా నాన్నకు 67 ఏళ్లు, రోజుకు రెండు కట్టల బీడీలు కాలుస్తారు. మూడు నెలలుగా దగ్గు, కాస్త చిక్కారు. మందుల షాపులో సిరప్ తెచ్చిస్తున్నాను. దానికేమైనా మంచి మందు చెప్పండి.
– ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: స్కాన్ అక్కర్లేదు. దగ్గర్లోని డాక్టరుకు చూపించుకుని రక్త, మల పరీక్షలు చేయించుకోండి. బరువు తగ్గినా, మలంలో రక్తం పడినా ఆలస్యం చేయొద్దు.

ఊపిరితిత్తుల స్మాల్ సెల్ క్యాన్సర్‌ను పక్కన పెడితే, న్యూరోఎండోక్రైన్ జాతి కణుతులన్నీ కలిపినా అమెరికా 2012 లెక్కల్లో ఏడాదికి లక్షమందిలో ఏడుగురికే వచ్చాయి. వాటిలో ఎక్కువ భాగం నిదానంగా పెరిగేవే. ఈ జాతిలో దూకుడుగా పెరిగేవాటిలో ముఖ్యమైనది ఆ పక్కన పెట్టిన స్మాల్ సెల్ క్యాన్సరే. నూరు ఊపిరితిత్తుల క్యాన్సర్లలో సుమారు 15 ఇవే. ఇది వచ్చేవారు దాదాపు అందరూ పొగతాగేవాళ్లే. మూడింట రెండు వంతుల మందిలో బయటపడేసరికే పాకిపోయి ఉంటుంది.

ఇప్పుడు మీ ఉత్తరం మీరే మళ్లీ చదవండి. భయమంతా మీ కడుపు మీద, మూడు నెలల దగ్గు మాత్రం ‘మరో మాట’! సిరప్ దగ్గు చప్పుడును అణుస్తుందే గానీ జబ్బును కాదు. షాపు కుర్రాడు ఊపిరితిత్తులు చూడలేడు కదా! అది క్యాన్సరే అనడం లేదు, మన దగ్గర ముందు క్షయను అనుమానించాలి. రేపే ఛాతీ ఎక్స్‌రే, కఫం పరీక్ష చేయించండి. ప్రభుత్వాసుపత్రిలో కఫం పరీక్ష ఉచితం. జేబులోని బీడీ కట్ట మాన్పించే పని కూడా మీదే.

ప్రశ్న: కీమో జరుగుతోంది. పసుపు మాత్రలు వాడొచ్చా?
– ఒక పాఠకురాలు, వరంగల్

జవాబు: కూరలో పసుపు చాలు. మాత్రలు మీ క్యాన్సర్ డాక్టరును అడగకుండా వద్దు.

ప్రశ్న: మా అమ్మాయికి 22 ఏళ్లు. అపెండిక్స్ తీశాక రిపోర్టులో ‘న్యూరోఎండోక్రైన్ ట్యూమర్, 8 మిల్లీమీటర్లు, గ్రేడ్ 1, పూర్తిగా తొలగించారు’ అని ఉంది. సంబంధాలు చూస్తున్నాం. ఎవరికీ చెప్పలేదు.
– ఒక తల్లి, కాకినాడ

జవాబు: అమ్మా, కాస్త కుదుటపడండి. సెంటీమీటరు లోపు కణుతి పూర్తిగా తీసేస్తే సాధారణంగా ఆ ఆపరేషనే వైద్యం. సర్జన్‌తో ఒకసారి ఖాయం చేసుకోండి. ‘ఎవరికీ’ అన్నారు, అందులో అమ్మాయి కూడా ఉందా? ఉంటే ఈ రాత్రే ఆ కాగితం తన చేతికివ్వండి. పెళ్లివారికి ఏం చెప్పాలో తను చూసుకుంటుంది.