ముందు గది, తరువాతే స్పీకరు

విజయవాడ

చి. అమ్మలుకి పెదనాన్న ఆశీస్సులు.

కొత్త ఫ్లాట్‌లో పాలు పొంగించారని, సామాను సర్దడం కూడా అయిపోవచ్చిందని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. నువ్వు పంపిన వైర్‌లెస్ స్పీకర్ల జాబితా చూశాను. ధరలు, వాట్లు, రంగులు అన్నీ రాశావు గానీ అందులో మీ ఇల్లు మాత్రం లేదు. హాలు ఎంత పొడవు, వంటింట్లో పాటలు వినేదెవరు, నాన్నమ్మ గది దాకా వైఫై అందుతుందా అన్నవి తెలియకుండా ఏది కొనమని చెప్పను? ఉద్యోగకాలమంతా ఆకాశవాణి స్టూడియోల్లో గడిపినవాణ్ణి. చెవిలో పడే శబ్దంలో సగం పరికరానిదైతే సగం గదిదని అక్కడే తెలుసుకున్నాను. అందుకే గదుల నుంచి మొదలుపెడుతున్నాను.

హాలు మధ్యలో నిలబడి ఒక్కసారి గట్టిగా చప్పట్లు కొట్టి చూడు. ఆ చప్పుడు ఠంగుమని కాసేపు గోడల మధ్య తిరిగితే, ఎంత ఖరీదైన స్పీకరు తెచ్చినా పాటలో మాటలు అలుక్కుపోతాయి. మన ఇళ్లలో కింద టైల్స్, పైన శ్లాబు, చుట్టూ సిమెంటు గోడలు. శబ్దాన్ని పీల్చుకునేది ఏదీ ఉండదు. అమెరికాలో హార్వర్డ్ విశ్వవిద్యాలయం వాళ్లకు 1895లో ఇదే చిక్కు వచ్చింది. ఫాగ్ మ్యూజియంలో కొత్తగా కట్టిన ఉపన్యాస మందిరంలో ఒక్క మాట పలికితే అది ఐదు సెకన్లకు పైగా మోగుతూ ఉండేది, పాఠం ఎవరికీ అర్థమయ్యేది కాదు. దాన్ని సరిచేయమని వాలెస్ సాబిన్ అనే యువ భౌతికశాస్త్ర అధ్యాపకుడికి అప్పగించారు. ఆయన శాండర్స్ థియేటర్ నుంచి కుర్చీల మెత్తలు రాత్రిపూట మోయించి తెచ్చి, ఎన్ని మెత్తలు పరిస్తే మోత ఎంత తగ్గుతుందో స్టాప్‌వాచీతో కొలిచాడు. ఇవాళ్టికీ మేం వాడే సూత్రం ఆ రాత్రుల్లో పుట్టిందే.

మీ హాలు 5 మీటర్ల పొడవు, 4 మీటర్ల వెడల్పు, 3 మీటర్ల ఎత్తు అనుకుందాం. మొత్తం 60 ఘనపు మీటర్లు. దాన్ని 0.161తో గుణించి, గదిలో శబ్దాన్ని పీల్చుకునే వైశాల్యంతో భాగించాలి. ఉత్త గోడలు, నేల కలిపి నూటికి మూడు వంతులే పీల్చుకుంటాయనుకుంటే ఆ వైశాల్యం 3 చదరపు మీటర్లు కూడా ఉండదు. అంటే మోత 3 సెకన్ల పైమాటే. గుడ్డ సోఫా వేసి, మడతలు పడేలా మందపాటి కర్టెన్లు కట్టి, కింద ఒక తివాచీ పరిచి ఆ వైశాల్యాన్ని 12కు పెంచావనుకో, మోత ఒక్క సెకనులోపుకు దిగుతుంది. స్పీకరు డబ్బులో కొంత కర్టెన్లకు పెట్టమని నేను గట్టిగా చెప్పేది ఇందుకే.

తరువాత చోటు సంగతి. స్పీకరును మూలకు నెడితే రెండు గోడలు, నేల కలిసి బేస్‌ని ఉబ్బిస్తాయి. మృదంగం తొప్పి బుడబుడమంటుంది, పాడేవాళ్ల గొంతు వెనక్కి పోతుంది. గోడకు ఒక అడుగు ముందుకు జరిపి, కూర్చున్నప్పుడు చెవికి అందే ఎత్తులో పెట్టు. టీవీ యూనిట్ అరలో మాత్రం దూర్చకు. దానికితోడు ప్రతి గదికీ తనదైన గుమ్మనడం ఒకటి ఉంటుంది. శబ్దవేగం సెకనుకు సుమారు 343 మీటర్లు కాబట్టి 4 మీటర్ల దూరంలో ఎదురెదురుగా ఉన్న గోడల మధ్య 43 హెర్ట్జ్ దగ్గర శబ్దం ఊగుతుంది. పొడవు, వెడల్పు సమానంగా ఉన్న గదిలో రెండు దిక్కులా ఒకే స్వరం దగ్గర ఊగి ఇంకా ఎక్కువగా గుమ్మంటుంది. చదరపు గదిలో పెద్ద బేస్ స్పీకరు వద్దనేది ఈ కారణంగానే.

హాలుకు ఒకటి చాలా, జత కావాలా అని అడిగావు. మీరు వినే పాటలను బట్టి ఉంటుంది. మీ నాన్నకు ప్రాణమైన మల్లీశ్వరి 1951 నాటిది, మాయాబజార్ 1957 నాటిది. ఆనాటి రికార్డింగులు మోనో. ఎన్ని స్పీకర్లు పెట్టినా ఘంటసాల గొంతు ఒక చోటి నుంచే రావాలి, కాబట్టి ఒక్క మంచి స్పీకరు వాటికి సరిపోతుంది. నువ్వూ తమ్ముడూ వినే ఇప్పటి పాటలకు మాత్రం ఎడమ, కుడి తేడా ఉంది. తరువాత రెండోది చేర్చి జత చేసుకునే వీలున్న మోడల్ తీసుకుంటే ఇద్దరి అవసరమూ తీరుతుంది. సినిమాల కోసం టీవీకి కలపాలనుకుంటే బ్లూటూత్ మీద ఆధారపడకు. శబ్దం 125 మిల్లీసెకన్లు ఆలస్యమైతేనే పెదవుల కదలికతో పొసగడం లేదని మన కంటికి తెలిసిపోతుంది. మామూలు బ్లూటూత్‌లో అంతకంటే ఎక్కువ ఆలస్యం సాధారణం. హెచ్‌డీఎంఐ, లేదంటే ఆప్టికల్ తీగతో కలిపే సౌండ్‌బార్ మేలు.

ఇక వంటిల్లు. ఒక పక్క చిమ్నీ హోరు, ఇంకో పక్క మిక్సీ, కుక్కరు విజిళ్లు. వీటి మధ్య బేస్ ఎలాగూ వినపడదు, మాట స్పష్టంగా పలికే చిన్న స్పీకరు చాలు. అది మీ అమ్మ నిలబడే చోటికి దగ్గరగా, పొయ్యికి మాత్రం దూరంగా ఉండాలి. నూనె ఆవిరి జాలీలో పేరుకుంటే తుడవడం కష్టం.

బ్లూటూత్‌కీ వైఫైకీ అసలు తేడా నీకు బాగా తెలిసివచ్చేది ఇక్కడే. బ్లూటూత్‌లో పాటను ఫోనే పంపుతుంది. అమ్మకు ఫోన్ వస్తే పాట ఆగుతుంది, ఆమె ఫోన్ పట్టుకుని బాల్కనీలోకి వెళితే పాట తెగుతుంది. వైఫై స్పీకర్లలో చాలావాటికి ఫోన్ ఏ పాట కావాలో చెప్పి తప్పుకుంటుంది, స్పీకరే ఇంటర్నెట్ నుంచి నేరుగా తెచ్చుకుంటుంది. అయితే ఫోన్ తెరను యథాతథంగా ప్రసారం చేస్తే ఈ లాభం ఉండదు, యాప్‌లోనే స్పీకరును ఎంచుకోవాలి. డేటా గురించి దిగులు వద్దు. సెకనుకు 320 కిలోబిట్ల నాణ్యతతో గంటసేపు విన్నా అయ్యేది 144 మెగాబైట్లే. అసలు తంటా మైక్రోవేవ్ అవెన్‌తో. అది 2.45 గిగాహెర్ట్జ్ దగ్గర పనిచేస్తుంది. బ్లూటూత్, పాత వైఫై రెండూ ఆ చుట్టుపక్కలవే. అవెన్ తిరుగుతున్నంతసేపూ పాట తడబడవచ్చు. 5 గిగాహెర్ట్జ్ వైఫై కూడా పట్టే స్పీకరైతే ఆ బెడద తప్పుతుంది. అన్నట్టు, రౌటరును చెప్పుల అల్మారా మీద నుంచి తీసి ఇంటి మధ్యకు మార్చండి. కాంక్రీటు గోడలు దాటేకొద్దీ సిగ్నల్ నీరసిస్తుంది, 5 గిగాహెర్ట్జ్‌ది మరీను.

నాన్నమ్మ గది గురించి నువ్వు ఒక్క వాక్యమే రాశావు. నేను ఎక్కువసేపు ఆలోచించింది దాని గురించే. ఆమెకు తెల్లవారుజామున సుప్రభాతం కావాలి, ఆపైన ఆకాశవాణి విజయవాడ కేంద్రం వార్తలు కావాలి. 1948లో మొదలైన ఆ కేంద్రాన్ని ఇప్పుడు న్యూస్ ఆన్ ఎయిర్ యాప్‌లో ఎక్కడున్నా వినొచ్చు. కానీ ఆమె యాప్ తెరవదు, గాజు పలకను తడిమి శబ్దం పెంచుకోలేదు. చేతికి తెలిసే మీటలు, తిప్పే గుండీ ఉన్న స్పీకరు వెతుకు. నొక్కితే నేరుగా ఒక స్టేషన్ వచ్చేలా ముందే అమర్చుకునే మీటలు కొన్నిటికి ఉంటాయి, అలాంటిది దొరికితే ఇంక వేరేది చూడకు. వయసుతో ముందు తగ్గేది సన్నని, పదునైన శబ్దాలు వినే శక్తి. స, ష, త లాంటి అక్షరాలు జారిపోతాయి. అప్పుడు వాల్యూమ్ పెంచడం కంటే బేస్ తగ్గించి ట్రెబుల్ కొద్దిగా పెంచితే మాట తేటగా వినపడుతుంది. మంచం పక్కనే పెడితే తక్కువ శబ్దంతోనే పని జరుగుతుంది. కరెంటు పోయి వచ్చాక దానంతటదే తిరిగి కలుస్తుందో లేదో కొన్న రోజే స్విచ్ ఆపి చూడు. రౌటరు కూడా ఇన్వర్టర్ లైను మీద ఉండాలి. ఇవి చూసుకోకపోతే నువ్వు ఆఫీసులో ఉన్నప్పుడు ఆమె రేడియో లేకుండా కూర్చుంటుంది.

నీ పడకగదిలో రాత్రి చిన్నగా పెట్టుకుని వింటావు. శబ్దం తగ్గించినకొద్దీ మన చెవి బేస్‌ని ముందు వదిలేస్తుందని ఫ్లెచర్, మన్సన్ అనే ఇద్దరు 1933లోనే కొలిచి చూపారు. తక్కువ వాల్యూమ్‌లో బేస్‌ని సర్దే ఏర్పాటు ఉందేమో అడుగు. మైకున్న స్పీకరైతే, ఆ మైకును ఆపే మీట దానిమీదే ఉండాలి. పడకగదిలో ఈ నియమం సడలించకు. బాత్‌రూమ్‌లో నీళ్లకు తట్టుకుంటుందని చెప్పే ఐపీఎక్స్7 గుర్తు ఉన్నది వాడుకోవచ్చు గానీ, ఆ పరీక్ష మీటరు లోతు నీళ్లలో అరగంట ముంచి చేసేది, వేడి ఆవిరికి చేసింది కాదు. బ్యాటరీ స్పీకరును మే నెల ఎండలో బాల్కనీలో వదలకు.

అన్ని గదుల్లో ఒకే పాట మోగాలంటే స్పీకర్లన్నీ ఒకే పద్ధతి పాటించాలి, లేకపోతే గుమ్మంలో నిలబడ్డవాళ్లకు పాట రెండుసార్లు వినపడుతుంది. ఎయిర్‌ప్లే 2 కానీ గూగుల్ కాస్ట్ కానీ, ఇంట్లో ఎక్కువమంది ఫోన్లకు పొసిగేది ఎంచుకో. కానీ ఒక్క కంపెనీ యాప్‌తోనే బతికే స్పీకరును నేను నమ్మను. క్రోమ్‌కాస్ట్ ఆడియో 2015లో వచ్చింది, 2019 నాటికే తయారీ ఆగిపోయింది. సోనోస్ 2020లో తన పాత మోడళ్లకు కొత్త సాఫ్ట్‌వేర్ ఇవ్వడం మానేసింది. చెక్కపెట్టె, కోను ఇరవై ఏళ్లు ఉంటాయి, లోపలి సాఫ్ట్‌వేర్ అన్నాళ్లు ఉండదు. అందుకని హాలు స్పీకరుకు వెనక మామూలు ఆక్స్ తీగ గుచ్చే రంధ్రం ఉండి తీరాలి.

అట్ట మీద పీఎంపీఓ అని వేసే వేల వాట్లను లెక్కలోకి తీసుకోకు, నిలకడగా ఇచ్చే శక్తిని చెప్పే ఆర్‌ఎంఎస్ వాట్లు చూడు. దాన్ని కూడా పెద్దది చేసుకోకు: వాట్లు రెట్టింపైతే పెరిగేది 3 డెసిబెల్సే, శబ్దం రెట్టింపైనట్టు తోచాలంటే పది రెట్లు కావాలి. ఫ్లాట్‌కు అంత అవసరమూ లేదు. నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి పది దాటాక 45 డెసిబెల్స్ అన్నది 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల పరిమితి. బేస్ శ్లాబు గుండా పక్కింటికి పోతుంది కాబట్టి స్పీకరు కింద మందపాటి రబ్బరు చాప వెయ్యి.

అన్నీ ఒకేసారి కొనకు. ముందు నాన్నమ్మ గదికి, తరువాత వంటింటికి. హాలుది కర్టెన్లు కట్టాకే. దుకాణానికి వెళ్లేటప్పుడు మీకు కంఠతా వచ్చిన పాటలు నాలుగు ఫోన్‌లో పెట్టుకుని వెళ్లు, వాళ్లు వినిపించే డెమో వద్దని చెప్పు. వాపసు తీసుకునే గడువు బిల్లు మీద రాయించుకో. కొలిచే టేపు తీసి హాలు, నాన్నమ్మ గది కొలతలు, కిటికీలు ఎటున్నాయో గీసి వాట్సాప్‌లో పంపితే, స్పీకరు ఎక్కడ పెట్టాలో గుర్తు పెట్టి పంపిస్తాను.

ఆశీస్సులతో,
మీ పెదనాన్న