పిల్లలు చెప్పే వింత అనుభూతులు – అవీ ఫిట్సే కావచ్చు

ఫిట్స్ అనగానే పిల్లవాడు కింద పడిపోవడం, కాళ్లు చేతులు కొట్టుకోవడం, నోట్లోంచి నురగ రావడం మాత్రమే మనకు గుర్తొస్తుంది. అయితే ఫిట్స్ అన్నీ అలాగే ఉండవు. కొందరు పిల్లలకు స్పృహ తప్పదు. చెయ్యి కూడా కదలదు. పక్కన ఉన్నవారికి ఏమీ కనబడదు. ఆ పిల్లలకు మాత్రం ఏదో వాసన, ఏదో రంగు, ఏదో తిమ్మిరి తెలుస్తుంది. దానిని వాళ్లకు వచ్చిన మాటల్లో చెబుతారు. అప్పుడు మనం వినకపోతే పెద్ద ఫిట్ వచ్చేదాకా జబ్బు సంగతి ఎవరికీ తెలియదు. ఆ పెద్ద ఫిట్ చెరువులో ఈత కొట్టేటప్పుడో, కట్టెల పొయ్యి దగ్గర కూర్చున్నప్పుడో రావచ్చు.

ఇలా ఎందుకు జరుగుతుంది?

మెదడులోని కణాలు సన్నని విద్యుత్తుతో ఒకదానికొకటి కబురు పంపుకుంటాయి. ఒకచోట కణాలన్నీ ఒక్కసారిగా అదుపు తప్పితే దానిని ఫిట్ అంటాము. చూపుకు సంబంధించిన భాగం మెదడు వెనుక వైపు ఉంటుంది. స్పర్శ తెలిసే భాగం పై వైపు ఉంటుంది. వాసనకు, భయానికి, జ్ఞాపకానికి సంబంధించిన భాగాలు కణతల లోపలి వైపు ఉంటాయి. ఫిట్ ఏ భాగంలో మొదలైతే ఆ భాగం పని తప్పుగా జరుగుతుంది. అందుకే ఎదుట ఏమీ లేకపోయినా రంగులు కనబడతాయి. ఏమీ కాలకపోయినా కాలిన వాసన వస్తుంది. పిల్లవాడు అబద్ధం ఆడటం లేదు, బడి ఎగ్గొట్టాలని నటించడం లేదు. గాలి సోకలేదు, దయ్యం పట్టలేదు.

పిల్లలు చెప్పే మాటలు

1. "కడుపులకెల్లి ఏదో పైకొస్తంది." కడుపు నుంచి గొంతు దాకా ఏదో ఎక్కుతున్నట్టు ఉంటుంది. దానితోపాటు కారణం లేని భయం కలగవచ్చు. పిల్లవాడు పరుగెత్తి వచ్చి అమ్మను పట్టుకుంటాడు. తరువాత కాసేపు పిలిచినా పలకకుండా, నోరు చప్పరిస్తూ ఉండిపోవచ్చు.

2. "ఏదో కాలిన వాసనొస్తంది." ఇంట్లో ఇంకెవరికీ ఆ వాసన రాదు.

3. "కండ్ల ముంగట రంగు బిళ్లలు తిరుగుతున్నయి." ఎరుపు, పసుపు, నీలం వంటి గుండ్రని రంగులు కొద్ది సెకన్ల నుంచి రెండు మూడు నిమిషాల దాకా కనబడతాయి. ఆ తరువాత తలనొప్పి రావచ్చు. పార్శ్వపు తలనొప్పిలోనూ వెలుగులు కనబడతాయి గాని అవి మెల్లగా పెరిగి, ఎక్కువగా వంకర గీతల్లా, అయిదు నిమిషాలకు పైగా ఉంటాయి.

4. "నాలుక, బుగ్గ తిమ్మిరెక్కినయి." నిద్రలోగాని, నిద్ర లేచే వేళగాని ఒకవైపు పెదవి, చిగురు, నాలుక మొద్దుబారతాయి. చొల్లు కారుతుంది, తెలివి ఉన్నా మాట రాదు. బడి వయసు పిల్లల్లో ఈ రకం తరచుగా చూస్తాము. చాలామందికి 16 ఏళ్ల లోపే ఇది పూర్తిగా తగ్గిపోతుంది.

ఒక్కసారి కళ్లు తిరిగినా, కూర్చుని కూర్చుని కాలు తిమ్మిరెక్కినా ఫిట్స్ అనుకోవద్దు. అదే అనుభూతి, అదే విధంగా, కొద్దిసేపు మాత్రమే, మళ్లీ మళ్లీ వస్తుంటే అనుమానించాలి.

తలస్నానంతో వచ్చే ఫిట్స్

ఇది మన దక్షిణ భారతదేశంలో ఎక్కువగా కనబడే రకం. వేడి నీళ్లు చెంబుతో తలమీద గబగబా పోసినప్పుడు వస్తుంది. బెంగళూరు నిమ్హాన్స్ డాక్టర్లు ఇటువంటి 279 మందిని పరిశీలించి 1988లో ఆ వివరాలు ప్రచురించారు. ఇందులో కొందరికి భయం వేస్తుంది, కొందరికి లేనివి కనబడతాయి, వినబడతాయి. కొందరికి హాయిగా అనిపించి ఆపమన్నా ఆపకుండా నీళ్లు పోసుకుంటూనే ఉంటారు. అటువంటి పిల్లలకు గోరువెచ్చని నీళ్లే వాడాలి. తలమీద గుమ్మరించకుండా తడిగుడ్డతో తుడవాలి. స్నానాల గదిలో ఒంటరిగా వదలకూడదు. అవసరమైతే డాక్టరుగారు స్నానానికి ముందు వేసుకునే మాత్ర రాస్తారు.

నోటు పుస్తకంలో రాయండి

ఈ జబ్బు గుర్తించడానికి పిల్లవాడు చెప్పిన మాటే పెద్ద ఆధారం. తేదీ, వేళ, ఎంతసేపు ఉంది, అప్పుడు ఏం చేస్తున్నాడు, తరువాత ఎలా ఉన్నాడు అన్నవి రాయండి. పిల్లవాడి మాటలను మార్చకుండా అలాగే రాయండి. "ఇట్ల అయిందా, అట్ల అయిందా" అని మీరే అందించవద్దు. వీలైతే సెల్‌ఫోనులో వీడియో తీయండి. డాక్టరుగారు ఈఈజీ, అవసరమైతే ఎం.ఆర్.ఐ. రాస్తారు. ఒక్కసారి ఈఈజీ బాగున్నంత మాత్రాన ఫిట్స్ లేవని అనుకోకూడదు. స్కానింగులో కొందరు పిల్లలకు మెదడులో బద్దెపురుగు తిత్తి బయటపడుతుంది. పంది మాంసం తినని ఇళ్లలో కూడా, మురికి చేతుల ద్వారా, కడగని కూరగాయల ద్వారా దాని గుడ్లు లోపలికి వెళ్తాయి. కనుక మరుగుదొడ్డి వాడటం, సబ్బుతో చేతులు కడగడం తప్పనిసరి.

బయ్యారం చుట్టుపక్కల వారు పిల్లల డాక్టరుకు ముందు చూపించి, ఆయన పంపితే వరంగల్ ఎం.జి.ఎం., హైదరాబాద్ నిలోఫర్ లేదా నిమ్స్‌కు వెళ్లవచ్చు.

ఇంట్లో జాగ్రత్తలు

పెద్ద ఫిట్ వస్తే పిల్లవాణ్ని పక్కకు తిప్పి పడుకోబెట్టండి. బట్టలు వదులు చేయండి. నోట్లో చెంచా, నీళ్లు, మందు ఏవీ పెట్టవద్దు. చేతిలో తాళంచెవులు పెట్టడం, ఉల్లిగడ్డ వాసన చూపించడం వల్ల ఫిట్ ఆగదు. అది చాలావరకు తనంతట తానే ఆగుతుంది. అయిదు నిమిషాలు దాటినా, వెంటవెంటనే మళ్లీ వచ్చినా 108కి ఫోన్ చేయండి.

రాసిచ్చిన మాత్రలు ఒక్కపూట కూడా మానవద్దు. సాధారణంగా కనీసం రెండేళ్లు ఫిట్స్ రాకుండా ఉన్న తరువాతే డాక్టరుగారు ఆలోచించి మెల్లగా తగ్గిస్తారు. అదుపులోకి వచ్చేదాకా చెరువు, బావి, చెట్లు ఎక్కడం, పొయ్యి దగ్గర పని వద్దు. బడి మాత్రం మాన్పించవద్దు. టీచరుగారికి విషయం చెప్పి ఉంచండి.

ఆడపిల్ల అయితే పెళ్లి కాదేమోనని కొందరు తల్లులు జబ్బు దాచిపెడతారు. మూర్ఛ ఉందన్న కారణంతో పెళ్లి చెల్లదనే మాటను హిందూ వివాహ చట్టం నుంచి 1999లోనే తీసివేశారు. వైద్యం చేయించుకున్న పిల్లల్లో ఎక్కువమందికి ఫిట్స్ అదుపులోకి వస్తాయి. దాచిపెడితే వైద్యం ఆలస్యమవుతుంది, ఆ నష్టం పిల్లకే.

కాబట్టి ఈసారి మీ పిల్లవాడు "అమ్మా, మళ్ల అట్లనే అయితంది" అంటే కసరవద్దు. దగ్గర కూర్చోబెట్టుకుని, గడియారం చూసి, "ఎట్లయితందో చెప్పు బిడ్డా" అని అడగండి. చెప్పింది రాసుకుని ఆస్పత్రికి తీసుకురండి.