క్షిపణులకు ప్రత్యేక దళము కావలెనా?

మన్ననూరు మీదుగా శ్రీశైలమునకు పోవు రాజమార్గము హైదరాబాదునుండి వచ్చుచున్నది. పృథ్వి, అగ్ని క్షిపణులు ఆ నగరమునందలి రక్షణ ప్రయోగశాలలలోనే రూపొందినవి. పృథ్విని 1988లోను, అగ్నిని 1989లోను తొలిసారి ప్రయోగించిరి. ప్రళయ్ అను మరియొక క్షిపణిని 2021 డిసెంబరులో పరీక్షించిరి. అది 500 కిలోమీటర్ల వరకు పోగలదు. పక్షి యెగురు తిన్నని దారిలో మన్ననూరునుండి విశాఖపట్నము సుమారు అంత దూరముండును. ఆ దూరమును క్షిపణి కొలది నిమిషములలో దాటును.

ఇట్టి ఆయుధములను పదాతి, నౌకా, వైమానిక దళములు వేర్వేరుగా ఉంచుకొనవలెనా, లేక వీనికై ప్రత్యేక దళము నేర్పరుపవలెనా? సోవియట్ రష్యా 1959లోను, చైనా 1966లోను అట్టి దళములను స్థాపించినవి. పాకిస్తాను 2025 ఆగస్టులో తన సైన్యమునందు రాకెట్ దళము నేర్పరుతునని ప్రకటించినది. మన నాటి త్రివిధ దళాధిపతి జనరల్ బిపిన్ రావత్ 2021లో ఈ ఆలోచనను బహిరంగముగా తెలిపిరి.

ప్రత్యేక దళమువలన లాభములు గలవు. శిక్షణము, మరమ్మతు, గురి నిర్ణయము ఒకే చేతి క్రింద సాగును. మన్ననూరు అటవీ గేటు వద్ద ముగ్గురధికారులు మూడు విధములుగా ఆజ్ఞాపించినచో కావలివాడు ఎవరి మాట వినవలెను? యుద్ధమున అట్టి సందేహమునకు వ్యవధి యుండదు.

చిక్కులును లేకపోలేదు. విమానములు, ఫిరంగులు చేయగల పనికే మరియొక దళమైనచో వ్యయము పెరుగును. అంతకంటె పెద్ద ప్రమాదము వేరొకటి గలదు. వచ్చుచున్న క్షిపణి మామూలు మందుగుండును మోయుచున్నదో, అణ్వస్త్రమును మోయుచున్నదో ఎదుటివాడు ఆకాశమున చూచి తెలిసికొనలేడు. భయపడి తొందరపడినచో ఊళ్లకు ఊళ్లే బూడిదయగును.

ఈ కారణముననే అణ్వస్త్రముల విషయమున మన దేశము కట్టుదిట్టములు చేసికొన్నది. 2003 జనవరిలో వ్యూహాత్మక దళముల కమాండు ఏర్పడినది. అణ్వస్త్ర ప్రయోగమునకు అనుమతి నిచ్చు అధికారము ప్రధానమంత్రి అధ్యక్షతగల రాజకీయ మండలికే యుండునని, మనము ముందుగా అణ్వస్త్రమును వాడబోమని అప్పుడే ప్రకటింపబడినది.

కావున మా అభిప్రాయమిది: మామూలు క్షిపణులకు ప్రత్యేక దళము ఉండవచ్చును. కాని దాని స్థావరములు, ఆయుధములు, ఆజ్ఞలు అణ్వస్త్ర దళమునుండి స్పష్టముగా వేరై యుండవలెను. ఆ వేర్పాటు శత్రువునకును తెలియునట్లుండవలెను. రెంటిని కలిపినచో దళము బలపడినను దేశమునకు భద్రత తగ్గును. క్షిపణులెన్ని యున్నవను ప్రశ్నకంటె, వాని తాళము ఎవరి చేతిలో నున్నదను ప్రశ్న ముఖ్యము. ప్రజాస్వామ్యమున ఆ తాళము ప్రజలెన్నుకొనిన వారి చేతిలోనే యుండవలెను. ఓటు వేయు ప్రతి పౌరుడును ఈ విషయమును ఎరిగి యుండుట అవసరము.