గాలపు కొసదారము: దాని నెన్నుకొను విధము

గంజాం జిల్లాలో నీటి తావులకు కొదువ లేదు. ఋషికుల్యా నది, దాని కాలువలు, భంజనగర్, సొరడ జలాశయములు, ఊరూరను గల చెరువులు మన పిల్లలు నిత్యము చూచునవే. సెలవు దినములు వచ్చినచో బాలురు వెదురు కర్రయు, గాలమును చేతబట్టి గట్టుమీదికి పోవుట తల్లిదండ్రు లెరుగనిది కాదు. దీనిని వట్టి కాలక్షేపమని తోసివేయుటకంటె, ఇందలి శాస్త్రమును వారికి బోధించుట మేలని మా తలంపు. గాలపు సరంజామాలో మిక్కిలి చిన్నదైన యొక భాగమును మాత్రమే యెన్నుకొని ఇచ్చట పాఠముగా వివరించుచున్నాము.

కొసదారమనగా నేమి?

కర్రనుండి నీటిలోనికి దిగు పొడవైన దారమును ప్రధాన దారమందుము. దానికి బెండును, సీసపు గుండును కట్టుదురు. వాని తరువాత గాలము వరకు గల చివరి తునక వేరుగా కట్టబడును. అది జానెడు మొదలు బారెడు వరకు ఉండవచ్చును. దీనిని ఆంగ్లమున లీడర్ అందురు. ఈ పాఠమున మేము దీనిని కొసదారమని వ్యవహరింతుము.

ఒకే దారమును గాలము వరకు పోనిచ్చిన చాలదా యని పిల్లలు అడుగుదురు. అది మంచి ప్రశ్న. కొసదారము మూడు పనులు చేయవలెను. మొదటిది, చేప కంటికి ఆనకుండుట. రెండవది, పంటికిని రాతికిని ఓర్చుకొనుట. మూడవది, తెగక తప్పనప్పుడు ప్రధాన దారముకంటె ముందుగా తాను తెగుట. మొదటి పనికి సన్నని దారము కావలెను. రెండవదానికి మందమైనది కావలెను. ఒకటి పెంచిన రెండవది తగ్గును. కనుక అన్ని వేళల యందును ఉత్తమమైన కొసదారమొకటి లేదు; ఆ నీటికి, ఆ చేపకు తగినది మాత్రమే కలదు.

పట్టుపురుగునుండి నైలాను వరకు

బరంపురము పట్టునేతకు ప్రసిద్ధి గన్నది గనుక ఈ విషయము మనవారికి ప్రీతి గలిగింపగలదు. నైలాను రాకపూర్వము మేలైన కొసదారములు పట్టుపురుగునుండియే వచ్చెడివి. స్పెయిన్ దేశమందలి ముర్సియా ప్రాంతము ఈ పరిశ్రమకు పేరుపొందెను. గూడు కట్టుటకు సిద్ధమైన పురుగును పులికాడిలో నానవేసి, దాని పట్టు గ్రంథులను వెలికి దీసి, ఒక్కటే దారముగా సాగదీసెడివారు. నేతగాని పట్టు అనేక సన్నని పోగుల కూడిక. ఇది యొంటి పోగు. ఎండినచో పెళుసై విరుగును గనుక వాడుటకు ముందు దీనిని నీటిలో నానబెట్టవలసి యుండెను.

1938లో అమెరికాయందు డ్యూపాంట్ సంస్థ నైలానును ప్రకటించెను. క్రమముగా నైలాను పట్టు దారమును త్రోసిరాజనెను. 1971లో జపాను దేశపు కురేహా సంస్థ ఫ్లోరోకార్బన్ దారమును విపణికి తెచ్చెను. నేడు కొసదారమునకు నైలాను, ఫ్లోరోకార్బన్, సన్నని ఉక్కుతీగ అను మూడును ముఖ్యముగా వాడుకలో నున్నవి.

నైలాను చవుక, మెత్తగా వంగును, కొంత సాగి, చేప గుంజుపాటును ఓర్చుకొనును. కాని నీటిని పీల్చుకొని కొంత బలము కోల్పోవును; ఎండకు క్రమముగా చెడును. ఫ్లోరోకార్బన్ నీటిని పీల్చదు. నైలానుకంటె బరువైనది గనుక త్వరగా మునుగును. రాపిడికి బాగుగా ఓర్చును. దాని వెల మాత్రము హెచ్చు.

ఇది నీటిలో తక్కువగా కనబడుటకు కారణము వక్రీభవన గుణకము. నీటి గుణకము 1.33, ఫ్లోరోకార్బన్‌ది సుమారు 1.42, నైలానుది సుమారు 1.53. నీటి గుణకమునకు ఎంత దగ్గరైన, దారము నీటిలో అంత మరుగుపడును. ఇంటియందే దీనిని పరీక్షింపవచ్చును. ఒక గాజు కడ్డీని నీటిలో ముంచి చూచి, తుడిచి, పిదప వంటనూనెలో ముంచి చూడుడు. నూనె గుణకము గాజునకు చేరువ గనుక నూనెలో కడ్డీ యంచులు మసకబారును. అయినను పూర్తిగా కనబడని దారము ఏదియు లేదు. పిల్లలకు సన్నని నైలాను చాలును.

సన్నమా, మందమా?

దారపు బలము దాని అడ్డుకోత వైశాల్యముననుసరించి యుండును. వైశాల్యము వ్యాసముయొక్క వర్గముననుసరించి యుండును. ఒకే రకపు నైలానులో 0.20 మిల్లీమీటర్ల దారముకంటె 0.40 మిల్లీమీటర్ల దారము రెండింతలు కాదు, సుమారు నాలుగింతలు బలమైనది. 0.30 మిల్లీమీటర్లది రెండుంబావు ఇంతలు. ఎనిమిదవ తరగతి బాలుడు పలకమీద చేయదగిన లెక్క ఇది.

నీటిని, చేపను చూచి యెన్నుకొనుట

వానకాలమున ఋషికుల్య ఎర్రబారి పారునప్పుడు దారము కనబడునను చింత లేదు. కొట్టుకొనివచ్చు కొమ్మల రాపిడియే ముఖ్యము. అప్పుడు మందమైన నైలాను తగినది. కార్తికము తరువాత నీరు తేరినప్పుడు సన్నని, పొడవైన కొసదారము కావలెను. తామర, గుర్రపుడెక్క నిండిన చెరువులో పొడవైన కొసదారము చిక్కుకొనును గనుక పొట్టిదియు బలమైనదియు కట్టవలెను. జలాశయములలో మునిగిన మోడులును, రాళ్లును దారమును కోయును. అచ్చట ఫ్లోరోకార్బన్ ఉపకరించును.

ఇక చేపల సంగతి. శీలావతికిని, బొచ్చెకును దవడలయందు పండ్లు లేవు. గొంతులో మాత్రము కలవు. వానికి తీగ అక్కరలేదు. కొరమీనునకు దవడ పండ్లు కలవు. అది కలుపులో దాగును. మందమైన నైలాను వలయును. వాలుగ నోరు పెద్దది. దవడలనిండ సన్నని పండ్లు వరుసలుగా నుండును. దానికి జానెడు ఉక్కుతీగ కట్టుట మేలు. బజారున పిల్లలు వీనినే రోహి, భాకుర, సెఉళ, బాళియ యని ఒడియాలో విందురు. రెండు పేర్లును నేర్పుడు. ఇంట తెలుగు పేరు వినని బిడ్డకు శీలావతి యనగా చేప యని తోచదు.

ఏది ముందు తెగవలెను?

కొసదారము ప్రధాన దారముకంటె బలహీనముగా నుండవలెను. ప్రధాన దారము 6 కిలోలు మోయునదైన, కొసదారము 4 కిలోలది చాలును. గాలము మోడునకు తగులుకొన్నచో అప్పుడు కొసదారమే తెగును. నీటిలో మిగులునది మూరెడు మాత్రమే. ఈ నియమము తప్పినచో ప్రధాన దారము పై భాగమున తెగి, బెండుతోను, గుండుతోను బారలకొలది నైలాను నీటిలో నిలిచిపోవును. మందమైన కొసదారము లేక తీగ కట్టవలసివచ్చినచో, ప్రధాన దారమునుగూడ అంతకుమించి బలమైనదిగా తీసికొనవలెను.

ఇది డబ్బు నష్టముతో తీరునది కాదు. నైలాను ఏండ్ల తరబడి కుళ్లక కొంగల, బాతుల కాళ్లకు చుట్టుకొనును. నదిలో విడిచినది ఋషికుల్య ముఖద్వారమునకు చేరవచ్చును. ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుంపులుగా వచ్చి గ్రుడ్లు పెట్టు తీరమది. కావున తెగిన ప్రతి తునకను ఇంటికి తెచ్చి, చిన్న ముక్కలుగా కోసి చెత్తబుట్టలో వేయుట బాలునికి అలవాటు కావలెను.

ఇంటి పరీక్ష

కొసదారమును ప్రధాన దారమునకు ముడివేసి, తడిపి, తక్కువ యెత్తు గల కొమ్మకు ఖాళీ బాల్చీని ఇసుకపై జానెడెత్తున వ్రేలాడదీయుడు. లీటరు చొప్పున నీరు పోయుడు. లీటరు నీరు కిలోగ్రాము. బాల్చీ బరువును కలుపుడు. ఎన్ని కిలోలకు, ఎచ్చట తెగినదో వ్రాసికొనవలెను. తరచుగా ముడియొద్దనే తెగును. బిగించునప్పుడు ముడిని తడుపనిచో రాపిడి వేడికి దారము చెడుట దీనికొక కారణము.

జాగ్రత్తలు మూడు. దారమును చేతికి చుట్టుకొని లాగరాదు. విద్యుత్తు తీగల క్రింద గాలము విసరరాదు. పెద్దలు తోడులేక జలాశయమునకు, కాలువకు పోరాదు. కౌలుకిచ్చిన చెరువైనచో కౌలుదారు అనుమతి పొందవలెను.

బాలురను అడుగవలసిన ప్రశ్నలు

1. 0.25 మిల్లీమీటర్ల దారముకంటె 0.50 మిల్లీమీటర్ల దారము ఎన్ని యింతలు బలమైనది?
2. పుష్యమాసమున తేరిన చెరువులో శీలావతికి ఎట్టి కొసదారము కట్టుదువు? ఏల?
3. ప్రధాన దారము 5 కిలోలది, కొసదారము 8 కిలోలది యైనచో గాలము తగులుకొన్నప్పుడు ఏమగును?

మూడవ ప్రశ్నకు బిడ్డ సరిగా ఉత్తరము చెప్పిన పిదపనే వానిని గట్టుమీదికి పంపుడు.