రాణులు తల ఎందుకు కప్పుకొంటారు?

2025 మే 18న పధ్నాల్గవ లియో పోపుగారు రోము నగరంలో తమ పరిచర్యను ఆరంభించిన దివ్యపూజను మనలో చాలామంది టీవీలో చూశాము. అటు తర్వాత మన విచారణల్లో తల్లులు, వారికంటే ఎక్కువగా పిల్లలు, ఒక ప్రశ్న అడుగుతూ వచ్చారు. ముందు వరుసల్లో ఉన్న స్త్రీలలో పలువురు నల్లని దుస్తుల్లో ఉంటే, ఇద్దరు ముగ్గురు మాత్రం తల నుండి పాదం దాకా తెలుపు ధరించి, తెల్లని లేసు ముసుగుతో కనిపించారు. వారు మఠకన్యలా? పెండ్లికూతుళ్ళా? మన నాట తెల్లచీర అంటే మఠకన్యలైనా గుర్తుకు వస్తారు, విధవరాండ్రైనా గుర్తుకు వస్తారు. కాబట్టి పిల్లలు అడగడంలో తప్పులేదు.

వారు స్పెయిను రాణి లెతీసియా, బెల్జియం రాణి మతిల్డ్, మొనాకో రాజుగారి భార్య షార్లీన్. పోపుగారి దర్శనానికి వెళ్ళే స్త్రీలు నల్లని పొడుగు దుస్తులు, పొడుగు చేతులు, తలపై నల్లని లేసు ముసుగు ధరించడం పాత మర్యాద. ఆ ముసుగును స్పెయిను భాషలో మాంటిల్లా అంటారు. మన నరసాపురం వైపు స్త్రీలు దారంతో అల్లే లేసును తలచుకొంటే అది ఎలా ఉంటుందో ఊహించవచ్చు. కతోలిక రాజవంశాల రాణులకు మాత్రం తెలుపు ధరించే హక్కు ఉన్నది. స్పెయిను, బెల్జియం, లక్సెంబర్గు, మొనాకో, ఇటలీని ఒకప్పుడు ఏలిన సవోయ్ వంశం: దాదాపు ఇంతే జాబితా. షార్లీన్ 2013లో మాత్రమే మొదటిసారి ఆ హక్కును వాడుకొన్నది. నెదర్లాండ్సు రాణి మాక్సిమా స్వయంగా కతోలికురాలే అయినా, ఆ సింహాసనం ప్రొటెస్టెంటు వంశానిది కనుక ఆమెకు ఆ హక్కు లేదు. ఇంకొక సంగతి కూడా గమనించదగ్గది. 2025 ఏప్రిల్ 26న ఫ్రాన్సిస్ పోపుగారి భూస్థాపనకు లెతీసియా, మతిల్డ్ రాణులు కూడా నలుపుతోనే వచ్చారు. దుఃఖ సమయంలో హక్కు పక్కకు తప్పుకొంటుంది.

ఇంగ్లాండు రాణి రెండవ ఎలిజబెత్ కతోలికురాలు కాదు. అయినా 1961లో ఇరవై మూడవ యోహాను పోపుగారిని చూడవచ్చినప్పుడు నల్లని దుస్తులు, కిరీటం మీదుగా నల్లని ముసుగు ధరించింది. 1980లో రెండవ జాన్‌పాల్ పోపుగారి ఎదుట కూడా నలుపే. 2014లో ఫ్రాన్సిస్ పోపుగారి వద్దకు వచ్చేటప్పటికి నియమాలు సడలినవి. లేత ఊదారంగు దుస్తులు, అదే రంగు టోపీతో వచ్చింది. ఈ రాణి మన తెలుగు గడ్డ మీద కూడా దేవాలయానికి వెళ్ళింది. 1983 నవంబరు 20, ఆదివారం, తమ పెండ్లినాడు, సికింద్రాబాదు బొల్లారంలోని హోలీ ట్రినిటీ దేవాలయంలో ఆరాధనలో పాల్గొన్నది. ఇంగ్లాండు రాజకుటుంబ స్త్రీలకు ఒక కట్టుబాటు ఉన్నది: పగటి వేడుకలకు టోపీ, రాత్రి విందులకు వజ్రాల కిరీటం. గుడికి టోపీ పెట్టుకొని వెళ్ళే ఆ దేశపు అలవాటుకు పునీత పౌలుగారి మాటే మూలం. ఆ మాటకు తర్వాత వద్దాము.

ఇదంతా తెల్లదొరల ముచ్చట అని అనుకోనక్కరలేదు. రాజకుటుంబపు స్త్రీల టోపీల వైభవాన్ని మన సీమ ఐదువందల సంవత్సరాల క్రితమే చూసింది. నంద్యాల, ఆళ్లగడ్డ, అహోబిలం ప్రాంతాలన్నీ విజయనగర రాజ్యంలోనివి. కృష్ణదేవరాయలు 1509 నుండి 1529 వరకు పాలించాడు. ఆయన కాలంలో, 1520 ప్రాంతంలో, డొమింగో పేస్ అనే పోర్చుగీసు యాత్రికుడు విజయనగరం వచ్చి, తొమ్మిది రోజుల మహర్నవమి ఉత్సవాన్ని కళ్ళారా చూసి వ్రాసిపెట్టాడు. సాయంకాలం కొలువులో అరవైమంది దాకా యువతులు, పదహారు నుండి ఇరవై ఏండ్ల వయసువారు, ఒకరి వెనుక ఒకరు వరుసగా బయటికి వచ్చేవారట. చేతుల్లో బంగారు పాత్రలు, వాటిలో వెలిగే దీపాలు. మేన పట్టు వస్త్రాలు. తలపై ఎత్తయిన టోపీలు, ఆ టోపీల మీద పెద్ద పెద్ద ముత్యాలతో చేసిన పూలు. టోపీ పేరును పేస్ తన పోర్చుగీసు చెవికి వినబడినట్లు వ్రాసుకొన్నాడు. అది మన కుళ్ళాయి. శ్రీనాథ మహాకవి రాయల కొలువుకు వెళ్ళడానికి కుళ్ళాయి పెట్టుకోవలసి వచ్చిందని వాపోయిన చాటుపద్యం పెద్దవారికి గుర్తుండే ఉంటుంది. అది కృష్ణరాయలకంటే ముందటి కాలం మాట. ఆ కొలువు టోపీ మగవారి తలకే కాక ఆడవారి తలకు కూడా ఎక్కిందన్నమాట.

పేస్ వ్రాసినదానిలో నన్ను ఆపివేసిన మాట వేరొకటి. ఆ యువతులు రాణులు కారు, రాణుల చెలికత్తెలు. తొమ్మిది రోజుల్లో ఒక్కొక్క రోజు ఒక్కొక్క రాణి తన వంతుగా తన చెలికత్తెలను అలంకరించి పంపేది. వారి మీది బంగారం, వజ్రాలు, కెంపులు ఎంత బరువంటే, చాలామంది మోయలేకపోయేవారు. పక్కన ఇతర స్త్రీలు నడుస్తూ వారి చేతులను పట్టుకొని లేవనెత్తి ఉంచవలసి వచ్చేది. రాణిగారి పరువును దాసి తన తల మీద, తన చేతుల మీద మోసిందని చెప్పాలి. చూసేవారికి అది వైభవం. మోసే పదహారేండ్ల పిల్లకు మెడనొప్పి.

తల మీద ఉన్నదాన్నిబట్టి మనిషి అంతస్తును చదవడం మన దేశంలో ఒక శాస్త్రమే. ఆళ్లగడ్డ శిల్పులను అడిగి చూడండి. కిరీట మకుటం అంటే విష్ణుమూర్తికి, చక్రవర్తికి. బుట్టలను ఒకదానిపై ఒకటి పేర్చినట్లుండే కరండ మకుటం దేవేరులకు. ముఖం చెక్కకముందే, తల ఆకారాన్నిబట్టి ఆ రాయి ఎవరి రూపం కాబోతున్నదో వారు చెప్పగలరు. లోకంలో మనుషులను కూడా అలాగే చదువుతాము.

మరి దేవుని సన్నిధిలో ఆ చదువు చెల్లుతుందా? పవిత్ర గ్రంథంలో ఈ ప్రశ్నకు ఇద్దరు రాణులు జవాబిచ్చారు. ఇద్దరూ ఎస్తేరు గ్రంథంలోనే ఉన్నారు.

మొదటిది వష్తి. రాజు అహష్వేరోషు ద్రాక్షారసం తాగి మత్తులో ఉండి, రాణి కిరీటం ధరించి అతిథుల ఎదుటికి రావలెననీ, ఆమె అందాన్ని అందరూ చూడవలెననీ ఆజ్ఞాపించాడు. ఆమె రానన్నది. ఎందుకు రానన్నదో గ్రంథం చెప్పదు. రాణి పదవి మాత్రం పోయింది. ఆ కిరీటం తర్వాత ఎస్తేరు తలకు వచ్చింది.

రెండవది ఎస్తేరు. యూదులందరినీ చంపించడానికి హామాను పన్నాగం పన్నినప్పుడు ఆమె చేసిన ప్రార్థన మన కతోలిక బైబిలులో ఉన్నది. నంద్యాలలో మన ఇరుగుపొరుగున ఉండే సి.ఎస్.ఐ. సోదరులు సాధారణంగా వాడే తెలుగు బైబిలులో ఈ భాగం కనబడదు. కాబట్టి ఇంట్లో మన ప్రతిని తెరచి, గ్రీకు నుండి వచ్చిన ఈ భాగాన్ని కుటుంబమంతా చదువుకోవడం మంచిది. అక్కడ రాణి తన వైభవ వస్త్రాలను విప్పివేస్తుంది. దుఃఖ వస్త్రాలు కట్టుకొంటుంది. పరిమళ తైలానికి బదులు తలమీద బూడిద పోసుకొంటుంది. ఆ తర్వాత దేవునితో ఒక రహస్యం చెప్పుకొంటుంది: కొలువు రోజుల్లో తన తలపై ధరించే ఆ గొప్పతనపు చిహ్నమంటే తనకు రోత అనీ, మైలగుడ్డను చూసినట్లు చూస్తాననీ, ఒంటరిగా ఉన్న రోజుల్లో దాన్ని ముట్టుకోననీ. అంత కటువైన మాట ఒక రాణి తన కిరీటం గురించి అన్నది!

అయితే కథ అక్కడ ఆగదు. మూడవనాడు ప్రార్థన ముగించి, ఆ దుఃఖ వస్త్రాలు తీసివేసి, మళ్ళీ రాణి అలంకారమంతా పెట్టుకొని రాజు దగ్గరకు బయలుదేరింది. ఇద్దరు దాసీలు వెంట ఉన్నారు. ఒకామె మీద వాలి నడిచింది, మరొకామె వెనుక జీరాడే వస్త్రాన్ని పట్టుకొన్నది. పేస్ చూసిన విజయనగరపు యువతులు జ్ఞాపకం రావడం లేదూ? అలంకారం అదే, ఆసరా అదే. కాని ఎస్తేరు తన ప్రజల ప్రాణాలు కాపాడటానికి ఆ బరువును మోసింది. కిరీటం పాపమని ఆమె అనలేదు. దేవుని ముందు దాన్ని దించింది, పని ఉన్నచోట పెట్టుకొన్నది.

పునీత ఎలిజబెతమ్మగారు కూడా ఇదే దారి నడిచింది. ఈమె హంగేరీ రాజు ఆండ్రూ కుమార్తె, 1207లో పుట్టి, చిన్ననాటనే జర్మనీలోని తురింగియా సంస్థానానికి కాబోయే కోడలుగా వెళ్ళింది. ఒక పండుగనాడు కుటుంబమంతా కిరీటాలతో దేవాలయానికి వెళ్ళగా, సిలువ మీది ప్రభువును చూసి ఎలిజబెత్ తన కిరీటాన్ని తీసి నేలమీద పెట్టి సాష్టాంగపడిందని ఆమె జీవితకథల్లో చెబుతారు. అత్తగారు సోఫియా మందలించింది. ముళ్ళ కిరీటం పెట్టుకొన్న ప్రభువు ఎదుట బంగారు కిరీటంతో నిలబడలేనని ఆమె సమాధానం. అత్తాకోడళ్ళ మధ్య తగవు నగల గురించి వచ్చినా, ఈ తగవులో మాత్రం ధర్మం కోడలివైపే ఉన్నది. భర్త చనిపోయాక ఆమె మార్బుర్గులో రోగులకు ఆసుపత్రి కట్టించి, తన చేతులతో సేవచేసి, 1231లో ఇరవై నాలుగేండ్లకే కన్నుమూసింది. నవంబరు 17 ఆమె పండుగ.

ఇప్పుడు పౌలుగారి మాట. కొరింతీయులకు వ్రాసిన మొదటి లేఖ 11వ అధ్యాయంలో, ప్రార్థించేటప్పుడు పురుషుడు తల కప్పుకోరాదనీ, స్త్రీ కప్పుకోవలెననీ వ్రాశారు. 1917 నాటి శ్రీసభ చట్టం 1262వ సూత్రంలో దీన్ని నియమంగా చేర్చింది. 1983లో వచ్చిన కొత్త చట్టంలో ఆ నియమం లేదు. అంతకు ముందే, 1976లో, విశ్వాస సిద్ధాంత విభాగంవారు స్త్రీల ముసుగు ఆనాటి ఆచారానికి చెందినదనీ, ఇప్పుడు కట్టుబాటు కాదనీ స్పష్టంచేశారు. మన తల్లులు కొంగు, మన వైపు సెరగు అంటాము, తలమీదికి లాక్కొనేది చట్టం చదివి కాదు. పెద్దల ఎదుట చూపే మర్యాదను దేవుని ఎదుట కూడా చూపారు. ఆ మర్యాద ఈనాటికీ అందమైనదే. పొలం నుండి వచ్చే పెద్దాయన గుడి గడప దగ్గర తలపాగా తీసి భుజాన వేసుకోవడం కూడా అదే మర్యాద. పీఠాధిపతులవారు సైతం ఎత్తయిన శిరోభూషణాన్ని, దాని కిందనుండే చిన్న టోపీని, దివ్యసత్ప్రసాద ప్రార్థనకు ముందు తీసివేస్తారు. ఈసారి పూజలో పిల్లలకు చూపించండి.

ఇంతవరకు చదివినవారు ఒక పని ఆలోచించాలి. ప్రథమ దివ్యసత్ప్రసాద స్వీకరణనాడు మన ఆడపిల్లలకు తెల్ల గౌను, నెట్టు ముసుగు, దానిపై పూసల కిరీటం పెడతాము. ఆ తెలుపు జ్ఞానస్నానపు తెలుపు. మన పిల్లలందరికీ ఆ తెలుపు సమాన హక్కు, స్పెయిను రాణికి ఉన్నట్లు వంశాన్నిబట్టి వచ్చేది కాదు. కాని క్రమంగా ఏమి జరుగుతున్నది? ఒక పిల్ల తలపై మెరిసే రాళ్ళ కిరీటం, పక్క పిల్ల తలపై నిరుడు అక్క వాడిన నలిగిన ముసుగు, మూడవ పిల్లకు ఏమీ లేక తల్లి అప్పుకు వెళ్ళడం. పత్తి చేలో తలకు గుడ్డ చుట్టుకొని కూలిచేసే తల్లికి ఆ అప్పు ఎన్ని రోజుల కూలి? పీఠం ముందు ఆ బిడ్డ ప్రభువును చూస్తుందా, పక్క పిల్ల తలను చూస్తుందా? విచారణ స్త్రీల సంఘాలవారు ఒకే బట్టతో, ఒకే తీరుగా ఇరవై ముప్పై ముసుగులు కుట్టించి, పండుగ కాగానే ఉతికి మడిచి గుడి బీరువాలో భద్రపరిస్తే, ఏటేటా అందరికీ సరిపోతాయి. కిరీటాలు లేకపోయినా ఏ లోటూ రాదు. పెండ్లి ముసుగులకు కూడా ఇది వర్తిస్తుంది గాని, పెండ్లివారు ఒక పట్టాన వినరు!

చివరగా, కాలేజీకి వెళ్ళే అమ్మాయి గుడిలో చున్నీ తలపై వేసుకోదని బాధపడే తల్లులకు ఒక మాట. ఎస్తేరు ప్రార్థనను ఆ అమ్మాయి చేతనే ఇంట్లో గట్టిగా చదివించండి. ఆ తర్వాత కప్పుకొంటానంటే సంతోషించండి. కప్పుకోకపోయినా, అందుకోసం ఆమెను సత్ప్రసాద వరుసలోనుండి వెనక్కి పంపే అధికారం ఉపదేశికి గాని, సంఘపెద్దకు గాని, ముందు బెంచీలో కూర్చున్న అవ్వకు గాని లేదు.