గాలిపటం ఆకారపు వజ్రం వేలికి నిలుస్తుందా?

ప్రశ్న: మాదాపూర్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాను. నిశ్చితార్థపు ఉంగరానికి గాలిపటం ఆకారపు వజ్రం కావాలని నా ఆశ. మొనలు విరుగుతాయి, గుండ్రటిదే తీసుకోమంటోంది అమ్మ. ఏం చేయమంటారు?

జవాబు: నచ్చిందే చేయించుకోండమ్మా. మీ ఆఫీసుకు కాస్త దూరంలోనే గోల్కొండ ఉంది. ఆ పేరుతో లోకమెరిగిన వజ్రాలను మనవాళ్లు బరువు పోకుండా సానపట్టేవారు, అందుకే వాటిలో వంకర ఆకారాలు ఎక్కువ. కోహినూర్‌ను 1852లో లండన్‌లో మళ్లీ సానపట్టి 186 క్యారెట్ల నుంచి సుమారు 106కు తెచ్చారు. మెరుపు కోసం అంత రాయి పోయిందంటే నాకిప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

అమ్మ మాటలోనూ నిజముంది. వజ్రాన్ని గీయడం కష్టం, కానీ కొన్ని దిశల్లో దెబ్బ తగిలితే చీలుతుంది. సన్నని మొనలకే ఆ ముప్పు. అందుకే నాలుగు మొనలనూ ‘వి’ ఆకారపు ప్రాంగ్స్‌తో కప్పించండి, లేదా రాయి చుట్టూ బంగారు అంచు కట్టించండి. రోజంతా కీబోర్డు మీద ఉండే చేతికి నేనైతే అంచే చెబుతాను. రాయిని తక్కువ ఎత్తులో కూర్చోబెట్టమనండి. 22 క్యారెట్ల బంగారం మెత్తన, 18 మేలు.

పోత పోయకముందే రెజిన్ నమూనా అడగండి. అది వేలికి పెట్టుకుని ఓ పూట టైప్ చేసి చూడండి. పొడవాటి మొన పక్కవేలికి గుచ్చుకుంటే అప్పుడే తెలిసిపోతుంది. రాయికి ల్యాబ్ సర్టిఫికెట్, బంగారానికి హాల్‌మార్క్ తప్పనిసరి.