వేలిముద్ర పడే ముందు

షాద్‌నగర్ దగ్గర ఒక పల్లె. రాత్రి ఎనిమిది గంటలయింది. వంటలు, బువ్వలు అయినయి. ఆడవాళ్ళంతా చదువుల కేంద్రానికి వచ్చారు. ఒక చెల్లె చేతిలో మడత పెట్టిన కాగితం ఉంది.

"మేస్త్రి ఇచ్చిండు. నేను, మా ఇంటాయన ఇద్దరం వేలు పెట్టాల్నంట. అడ్వాన్సు రేపే ఇస్తడంట" అన్నది ఆమె.

"అందుల ఏం రాసుంది చెల్లె?" అని అడిగింది ఒక పెద్దమ్మ.

"ఇంక చదువలే."

"మరి చదువు. మనం నేర్చుకున్నది ఎందుకు?"

ఆమె వేలు పెట్టి ఒక్కొక్క మాట కూడబలుక్కొని చదివింది. అడ్వాన్సు ఎంతో రాసి ఉంది. బాకీ తీరేదాకా పని చేయాలని రాసి ఉంది. కాని రోజు కూలి ఎంతో లేదు. పని ఎన్ని నెలలో లేదు. పని ఏ ఊళ్ళోనో కూడా లేదు. అందరూ ఒకరి మొఖం ఒకరు చూసుకున్నారు.

ఇలాంటి కాగితాలు నిన్నమొన్న పుట్టినవి కావు. ఈ కథ చదవండి.

కూలీ ఓడలు

ఒకప్పుడు తెల్లదొరలు సముద్రం అవతల ఎన్నో దేశాలను ఆక్రమించుకున్నారు. అక్కడ వేల ఎకరాల్లో చెరకు తోటలు వేశారు. ఆ తోటల్లో ఆఫ్రికా నుండి తెచ్చిన నల్లజాతి వాళ్ళను బానిసలుగా పెట్టి పని చేయించారు. బానిస అంటే కూలి లేని మనిషి. అంగట్లో పశువు లెక్క అమ్మేవారు, కొనేవారు.

1833లో ఇంగ్లండు ప్రభుత్వం తన రాజ్యంలో బానిసత్వం రద్దు చేస్తూ చట్టం చేసింది. మంచిదే. కాని తోటల దొరలకు చవకగా పని చేసేవాళ్ళు కావాలి. వాళ్ళ చూపు మన దేశం మీద పడింది. ఇక్కడ కరువు. భూమి లేని పేదలు ఎక్కువ. అప్పుల బాధ ఎక్కువ. దళారులు ఊరూరా తిరిగారు. "మంచి జీతం, తిండి, ఇల్లు" అని ఆశ పెట్టారు.

1860లో మద్రాసు నుండి 'ట్రూరో' అనే ఓడ బయలుదేరింది. నవంబరు 16న దక్షిణాఫ్రికాలోని డర్బన్ రేవుకు చేరింది. అక్కడి ప్రాంతం పేరు నేటాల్. ఆ తర్వాత ఓడల మీద ఓడలు పోయాయి. 1911 వరకు ఒక లక్షా 52 వేల మంది అట్లా నేటాల్ పోయారు. వాళ్ళలో తెలుగువాళ్ళు ఎందరో ఉన్నారు. మారిషస్‌కు, ఫిజీకి కూడా మనవాళ్ళు పోయారు.

గిర్మిట్

పోయే ముందు కూలీలు ఒక కాగితం మీద వేలిముద్ర వేయాలి. దాని పేరు అగ్రిమెంటు. ఆ మాట నోరు తిరగక మనవాళ్ళు 'గిర్మిట్' అన్నారు. చాలామందికి అందులో ఏముందో చదవడం రాదు.

అయిదేండ్లు ఒకే దొర దగ్గర పని చేయాలి. మగవాళ్ళకు మొదటి ఏడు నెలకు 10 షిల్లింగుల కూలి. ఆడవాళ్ళకు అందులో సగమే. చెరకు కొట్టేది ఒకటే కత్తి, కాసేది ఒకటే ఎండ. కూలి మాత్రం సగం! చీటీ లేకుండా తోట దాటి పోతే జైలు. కడుపుతో ఉన్నవాళ్ళు కూడా పనికి పోక తప్పలేదు.

అయిదేండ్లు అయిపోతే విముక్తి వస్తుందని అనుకున్నారు. కాని తెల్లవాళ్ళకు ఇంకో భయం పట్టుకుంది. కూలీలు అక్కడే ఉండి సొంతంగా కూరగాయలు పండించుకుంటున్నారు. దుకాణాలు పెట్టుకుంటున్నారు. తమతో సమానం అవుతారేమో! అందుకని 1895లో ఒక పన్ను వేశారు. గిర్మిట్ ముగిసి అక్కడే ఉండేవాళ్ళు ఏడాదికి 3 పౌండ్లు కట్టాలి. ఆ మరుసటి ఏడు, 1896లో, భారతీయులకు ఓటు లేకుండా కూడా చట్టం చేశారు.

ఆ పన్ను ఎంత బరువో లెక్క చూడండి. ఒక పౌండుకు 20 షిల్లింగులు. 3 పౌండ్లు అంటే 60 షిల్లింగులు. నెలకు 10 షిల్లింగుల చొప్పున అది ఆరు నెలల కూలి! మొగుడూ పెండ్లాం ఇద్దరూ కట్టాలంటే ఒక మనిషి ఏడాది కూలి. కట్టలేని వాళ్ళకు దారి ఏది? తిరిగి దేశం పోవాలి. లేదా మళ్ళీ గిర్మిట్ మీద వేలు పెట్టాలి.

ఆడవాళ్ళు కదిలారు

1913లో ఇంకో దెబ్బ తగిలింది. క్రైస్తవ పద్ధతిలో జరగని పెండ్లిండ్లు చెల్లవని అక్కడి కోర్టు తీర్పు చెప్పింది. అంటే మన ఆడవాళ్ళు చట్టం ముందు భార్యలు కానట్టే! ఆడవాళ్ళు ఊరుకోలేదు. గాంధీ నడిపిన పోరాటంలో చేరారు. కొందరు చంటిపిల్లలను ఎత్తుకొని న్యూకాసిల్ బొగ్గు గనులకు పోయారు. పన్ను సంగతి కూలీలకు విడమరచి చెప్పారు. కూలీలు పని బంద్ పెట్టారు. సమ్మె తోటలకు పాకింది. ఆడవాళ్ళను జైల్లో పెట్టారు. వల్లియమ్మ అనే చిన్నపిల్ల జైలులో జబ్బుపడి, విడుదలయ్యాక చనిపోయింది. చివరకు 1914లో పన్ను రద్దయింది. మన పెండ్లిండ్లకు గుర్తింపు వచ్చింది.

1917లో మన దేశం నుండి గిర్మిట్ కూలీలను పంపడం ఆగింది. అక్కడే ఉండిపోయిన తెలుగువాళ్ళు 1931లో ఆంధ్ర మహాసభ పెట్టుకున్నారు. పిల్లలకు తెలుగు అక్షరాలు నేర్పారు. 1994లో దక్షిణాఫ్రికాలో రంగు తేడా లేకుండా అందరూ ఓటు వేశారు.

అమెరికాలో

అమెరికాలో కూడా పత్తి చేలల్లో నల్లజాతి వాళ్ళు బానిసలుగా ఉన్నారు. వాళ్ళకు చదువు నేర్పితే నేరమని చాలా దక్షిణాది రాష్ట్రాలు చట్టం చేశాయి. చదువు వస్తే మనిషి ప్రశ్న అడుగుతాడని దొరల భయం. 1865లో బానిసత్వం పోయింది. కాని భూమి దొరల దగ్గరే ఉంది. పాలుకు చేసుకునేవాళ్ళు విత్తనానికి, తిండికి అప్పు చేశారు. ఖాతా పుస్తకం దొర చేతిలో. ఎంత పండినా బాకీ తీరలేదు. ఓటుకు పోతే చదువు పరీక్ష పెట్టి వెనుకకు పంపేవారు. పెద్ద పోరాటం తర్వాత 1965లో చట్టం వచ్చి ఓటు హక్కుకు రక్షణ దొరికింది.

మన సంగతి

పాలమూరు కూలి లేని ఆనకట్ట లేదంటారు. కరువు వచ్చి, అప్పు మీద పడి, మనవాళ్ళు గుంపు మేస్త్రి వెంట దూరదేశాలకు పోయారు. దేశాలు వేరు, రంగులు వేరు. కాని అడ్వాన్సు, బాకీ, వేలిముద్ర ఒక్కటే.

1976లో మన దేశంలో వెట్టిచాకిరి రద్దు చట్టం వచ్చింది. బాకీ పేరుతో మనిషిని కట్టిపడేసి పని చేయించడం నేరం. అట్లాంటి బాకీ చెల్లదు, తీర్చనక్కర లేదు. కలెక్టరుకు గాని, ఆర్డీవోకు గాని అర్జీ పెట్టవచ్చు. కోర్టు పని పడితే ఆడవాళ్ళకు న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా వకీలును ఇస్తుంది.

మళ్ళీ మన చెల్లె దగ్గరికి వద్దాం. మరునాడు పొద్దున మేస్త్రి వచ్చాడు.

"కూలి ఎంతో రాయి. ఎన్ని నెలలో రాయి. ఊరి పేరు రాయి. ఇసొంటిదే ఇంకొకటి నా చేతికియ్యి" అన్నది ఆమె.

"నీకెందుకమ్మా ఇవన్నీ?" అన్నాడు మేస్త్రి.

"వేలు నాది గదా!" అన్నది ఆమె. పక్కన నలుగురు ఆడవాళ్ళు నిలబడ్డారు. మేస్త్రి కాగితం తిరిగి తీసుకున్నాడు. సాయంత్రం రాసుకొని తెస్తానన్నాడు.

ఆమె వేలిముద్ర వేయదలచుకోలేదు. రాత్రి పలక మీద తన పేరు పదిసార్లు రాసింది. సంతకం చేయడానికి.

చర్చించండి

1. బానిసత్వం పోయినా గిర్మిట్ ఎందుకు వచ్చింది?
2. అమెరికా దొరలు నల్లజాతి వాళ్ళ చదువుకు ఎందుకు భయపడ్డారు?
3. మీ ఊళ్ళో ఆడవాళ్ళకు, మగవాళ్ళకు కూలి ఒకటేనా?
4. పనికి పోయే ముందు కాగితంలో ఏమేమి చూడాలి? ఒక పట్టీ రాయండి.

లెక్క చేయండి

ఒక మనిషికి ఏడాదికి 3 పౌండ్ల పన్ను. ఇంట్లో నలుగురు పన్ను కట్టాలి. మొత్తం ఎన్ని షిల్లింగులు?